దసరాకి ముందు ఒకసారి మా ఊరు రండి

సంక్రాంతికి మా ఊరు నిండిపోతుంది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, చెన్నై నుంచి కార్లు వరసగా వచ్చి రామాలయం వీధిలో సైకిల్ పోవడానికి కూడా సందుండదు, మూడు రోజులు తిని, పడుకుని, ఫోటోలు దిగి, కనుమ మర్నాడు పొద్దునకల్లా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. వస్తున్నందుకు సంతోషమే. కానీ నన్నడిగితే మా ఊరిని చూడాల్సిన కాలం వేరే ఉంది. వినాయక చవితి నుంచి దీపావళి లోపల, భాద్రపదం ఆశ్వయుజం నెలల్లో రావాలి. అప్పుడు ఎవరూ రారు, దసరాకి తప్ప సెలవులుండవు, పిల్లల పరీక్షలుంటాయి, తెలుసు. అయినా అడుగుతూనే ఉన్నాను, మా తోడికోడలిని, మా తమ్ముణ్ని, ఇప్పుడు ఇక్కడ మిమ్మల్ని.

మాది కలిగిరి పక్క మెట్ట. నెల్లూరు జిల్లా అనగానే అందరికీ పెన్నా కాలవలు, కనుచూపు మేర వరి మడులు, చేపల పులుసు గుర్తొస్తాయి. అదంతా కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట వైపు. సోమశిల డ్యాములో 78 టీఎంసీలు పట్టినా మా చేలకి వచ్చేది ఆకాశం నుంచి పడ్డదీ, బోరు నుంచి లేచిందీ అంతే. అందులోనూ మా వాన లెక్క వేరు. మిగతా రాష్ట్రంలో చాలా చోట్ల జూన్, జూలైలో వానలు పడి నాట్లు అయిపోతుంటే మాకు అప్పుడు నాలుగు చినుకులు పడితే గొప్ప. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అది మొదలయ్యేది ఇంచుమించు అక్టోబరు మూడో వారంలో. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం అంటే మా రైతుకి ఎదురుచూసే కాలం. సజ్జ కోత అయిపోతుంది, పొగనారు, అంటే పొగాకు నారు, పోసి నీళ్లు చిలకరిస్తుంటారు, దుక్కులు దున్ని పెట్టుకుంటారు, ఆ తర్వాత సాయంత్రాలు కాస్త ఖాళీ దొరుకుతుంది. ఊళ్లో జరిగే మంచి పనులన్నీ ఆ ఖాళీలోనే జరుగుతాయి, నేను రమ్మనేది దాని కోసమే.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని మా మామగారు సెప్టెంబరు వస్తే రోజుకొకసారన్నా అంటారు. ఉత్తర కార్తె దాకా చూసి, అప్పటికీ వాన రాకపోతే గంప నెత్తినెత్తుకుని వేరే ఊరికి బతకడానికి పొమ్మని. ఇప్పుడు ఎవరూ గంప ఎత్తట్లేదు గానీ ఆ మాట అనేటప్పుడు ఆయన చూపు మాత్రం పడమట వెలిగొండల వైపే ఉంటుంది, మెరుపు ఏమన్నా కనపడుతుందేమోనని.

శరత్తు అనగానే చల్లగా ఉంటుందనుకుని వచ్చేరు. పగలు ఎండ మాడ్చేస్తుంది, భాద్రపదం ఎండకి ఉక్క కూడా తోడై ఫ్యాను కింద కూడా చెమట ఆరదు. మధ్యాహ్నం మూడు దాటాక మాత్రం బయటికి రావాలి. వంక గట్టున రెల్లు పూత మొదలై తెల్లగా గాలికి ఊగుతుంటుంది. రోడ్డు పక్కన తంగేడు పసుపచ్చగా విరగబూస్తుంది, ఎవరూ నీళ్లు పొయ్యని, ఎవరూ పట్టించుకోని చెట్టు అది, మేకలు కూడా ముట్టవు. తూనీగలు తలకి తగిలేంత కిందకి ఎగురుతుంటే రాత్రికి చినుకు పడుతుందని లెక్క. పడిన మర్నాడు సాయంత్రం వీధి లైటు కింద ఉసిళ్లు లేస్తాయి, పిల్లలు గిన్నెల్లో నీళ్లు పోసి పట్టుకుని కూర్చుంటారు, మా అవ్వ వాటిని వేయించి బెల్లంతో దంచి పెట్టేది. ఇప్పటి పిల్లలు పట్టుకోవడం వరకే, తినమంటే పరుగు.

తిండి గురించి చెప్పకపోతే ఈ కాలానికి అన్యాయం చేసినట్టే. ఉదయగిరి కొండల నుంచి సీతాఫలాలు దిగేది ఇప్పుడే. వింజమూరు సెంటర్లో, కలిగిరి బస్టాండు దగ్గర ఆడవాళ్లు గంపల్లో ఆకులు పరిచి పెట్టుకుని కూర్చుంటారు, కాయ కళ్లు విచ్చి మధ్యలో తెల్లగా కనపడితే రెండు రోజుల్లో పండుతుంది, బియ్యం డబ్బాలో పెడితే ఇంకా తొందరగా. సూపర్ మార్కెట్లో అట్టపెట్టెలో దొరికే సీతాఫలానికి ఆ వాసన రాదు, కొండ కాయ చిన్నదైనా తీపి ఎక్కువ. బోరు కింద ముందుగా వేసినవాళ్ల చెనక్కాయలు కూడా అప్పుడే పీకుతారు. పచ్చి చెనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టి పెద్ద డేగిసా అరుగు మీద పెడితే దాని చుట్టూ ఎంతమంది చేరతారో, ఎన్ని విషయాలు తేలతాయో చెప్పలేను. పొలం తగాదా ఒకటి కొన్నేళ్లుగా నలుగుతున్నది అట్టాంటి డేగిసా దగ్గరే కుదిరింది, పెద్దమనుషులు చేసిన పంచాయతీలకి కుదరలేదు. ఇక కొత్త సజ్జలతో చేసిన రొట్టె, పక్కన చెనక్కాయల పచ్చడి. అంతకు మించి నేనేమీ అడగను.

చవితి పందిరితో మొదలవుతుంది సందడి. చందా పుస్తకం పట్టుకుని కుర్రాళ్లు ఇంటింటికీ వస్తారు, "పెద్దమ్మా, పోయినసారి అయిదొందలు రాశావు, ఈసారి పెంచు" అని గడప దగ్గర కూర్చుంటే రాయక తప్పదు. పందిరికి పర్మిషన్ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవాలి, ఆ పని ఇంజనీరింగ్ చదివే పిల్లలది. పత్రి తెచ్చే పని చిన్నపిల్లలది, పొద్దున్నే గుంపుగా పోయి గరిక, ఉత్తరేణి, జిల్లేడు, రేగు, మారేడు కోసుకొస్తారు. ఇరవై ఒక్క రకాలూ దొరకవు, కానీ ఆ ఒక్క పూటా ఏది ఉత్తరేణో ఏది కాదో వాళ్లకి తెలుస్తుంది, అది చాలు నాకు. పాలవెల్లికి వెలక్కాయ, మొక్కజొన్న కండె, సీతాఫలం కట్టి వేలాడదీస్తే ఇల్లంతా తోట వాసన.

విగ్రహం సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్లు మా కుర్రాళ్లు పోటీ మీద పెద్ద పెద్ద ప్లాస్టర్ బొమ్మలు తెచ్చారు. మెట్ట చెరువులో భాద్రపదానికి నీళ్లెక్కడుంటాయి? అసలు వాన రాకముందు కదా ఈ పండగ, చెరువు మధ్యలో మోకాలి లోతు బురద నీళ్లుంటే గొప్ప. నిమజ్జనం చేసి వచ్చిన వారానికి చూస్తే చేతులొక చోట, తొండమొక చోట, రంగులన్నీ తేలి, గేదెలు ఆ నీళ్లే తాగుతూ. దేవుణ్ని అట్టా చూడలేక మా వీధి ఆడవాళ్లం అందరం కలిసి ఒక మాట అనుకున్నాం, మట్టి బొమ్మ అయితేనే చందా అని. ఒక్క ఏడాది మూతులు ముడుచుకున్నారు, తర్వాత వాళ్లే చెరువులో మట్టి తవ్వి తెచ్చి, రాళ్లు ఏరి, గడ్డి కలిపి తొక్కి, ఊళ్లోనే చేయిస్తున్నారు. ఎండకి పగుళ్లొస్తే తడిగుడ్డ పెట్టి పూడుస్తారు. ఆ బొమ్మ ముందు కూర్చుంటే మన చెరువే మన ముందు కూర్చున్నట్టు ఉంటుంది, నిమజ్జనం రోజు మట్టి మట్టిలోకి పోతుంది, గేదెలకీ ఇబ్బంది లేదు.

లడ్డూ వేలం పాట ఊరికి ఒక చిన్న బ్యాంకు. పాడినవాళ్లు డబ్బు వెంటనే కట్టక్కర్లేదు, వచ్చే చవితి లోపల ఇస్తే చాలు. ఆ డబ్బుతోనే మంచినీళ్ల ప్లాంటుకి మోటారు మార్చారు, శ్మశానం దారిలో మట్టి తోలించారు. ఎవరు ఎంతకి పాడారో, ఎంత ఖర్చయిందో కాగితం మీద రాసి గుడి గోడకి అంటిస్తారు, అణా పైసలతో సహా. నాకు చాలా గౌరవం ఆ కాగితం అంటే.

డీజే మాత్రం వద్దని గట్టిగా చెబుతాను, ఎవరేమనుకున్నా సరే. గోడలదిరే ఆ చప్పుడుకి ముసలివాళ్లు గుండె పట్టుకుంటున్నారు, పసిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడుతున్నారు. పక్క ఊరి నుంచి తప్పెట్లు పిలిపిస్తే వాళ్లకి నాలుగు రూపాయలు వస్తాయి, ఊరంతా చిందేస్తుంది, చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ అందరూ. తప్పెట గుండ్రాన్ని మంట దగ్గర పెట్టి కాచి, వేలితో కొట్టి చూసి, మళ్లీ కాచి, అప్పుడు మొదలుపెడతారు. ఆ మొదటి దెబ్బకి ఇళ్లలో ఉన్నవాళ్లు గిన్నెలు అక్కడే వదిలేసి బయటికి వస్తారు.

2018లో, మళ్లీ 2019లో చవితీ మొహర్రం ఒకే వారంలో మొదలయ్యాయి. రెండూ చంద్రుణ్ని బట్టే గానీ మన లెక్కలో మూడేళ్లకోసారి అధిక మాసం వచ్చి సర్దుతుంది, వాళ్ల లెక్కలో ఆ సర్దుబాటు లేదు, అందుకని మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ పోతుంది. ఆ రెండేళ్లు మాత్రం మా ఊరు చూడాల్సిందే. ఇటు రామాలయం ముందు పందిరి, అటు చివర పీర్ల చావిడి, మధ్యలో ఒకే వీధి. చందా పుస్తకాలు రెండు, వసూలు చేసేవాళ్లు ఒకరే. తప్పెట్లవాళ్లు ముందు అటు కొట్టి తర్వాత ఇటు వచ్చేవాళ్లు, వేళలు తగలకుండా పెద్దవాళ్లు కూర్చుని రాసుకున్నారు. మా అత్తగారు వినాయకుడికి ఉండ్రాళ్లు పెట్టి, సాయంత్రం స్నానం చేసి, చక్కెర, ఊదు తీసుకుని పీర్లకి ఇచ్చి వచ్చేది. ఆమెకి అందులో చెప్పుకోవాల్సిన విషయమే లేదు, వాళ్ల అమ్మ చేసింది, వాళ్ల అవ్వ చేసింది. పీరు లేచి వీధిలోకి వచ్చినప్పుడు నీళ్లు పోసే ఇళ్లలో సగం మావే.

2018 సెప్టెంబరులోనే నెల్లూరు రొట్టెల పండక్కి కూడా పోయాం, అప్పుడది ఈ కాలంలోనే పడింది. బారా షహీద్ దర్గా దగ్గర చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు తెచ్చిన రొట్టె తీసుకోవాలి, మన కోరిక తీరాక మళ్లీ వచ్చి ఆ రొట్టె ఇంకొకళ్లకి ఇవ్వాలి. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని ఎవరికి వాళ్లు కేకలేస్తుంటారు. మా ఆయన మేనకోడలికి చదువు రొట్టె ఇచ్చిన ఆమె ఎవరో, ఏ ఊరో తెలియదు, కొంగులో చుట్టుకొచ్చిన రొట్టె చేతిలో పెట్టి తల నిమిరి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు నర్సు. రొట్టె తిరిగి ఇచ్చి వచ్చింది కూడా.

నా పుట్టిల్లు వెంకటగిరి. 2022లో జిల్లాలు మారి అది తిరుపతి జిల్లాలో కలిసింది గానీ మా అమ్మ ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే చెబుతుంది. చవితి తర్వాత మూడో బుధవారం వచ్చేసరికి నేను అక్కడ ఉండి తీరాలి, పోలేరమ్మ జాతర. ముందు బుధవారాల్లో చాటింపు వేస్తారు. జాతర రాత్రి అమ్మవారిని కుమ్మరివాళ్లు మట్టితో రాత్రికి రాత్రి చేస్తారు, అది ఆమె పుట్టిల్లు. అక్కడి నుంచి అత్తగారింటికి తీసుకెళ్తారు, అక్కడ కళ్లు దిద్ది, చుక్క పెట్టి, నగలు పెడతారు. తెల్లవారేసరికి నడివీధిలో గుడి దగ్గర కూర్చుంటుంది, ఊరంతా, చుట్టు పల్లెలంతా వచ్చి చూసుకుంటారు. గురువారం సాయంత్రానికి సాగనంపేస్తారు. ఒక్క రోజు అమ్మవారు. మా నాన్న మగ్గం ఆ రెండు రోజులే ఆగేది, మిగతా ఏడాదంతా నాకు మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. జాతరకి ఆడపిల్లలందరూ పుట్టింటికి రావాలి, రాకపోతే వీధిలో అందరూ అమ్మనే అడుగుతారు, "మీ పాప రాలేదా?" అని. వెళ్లగానే అమ్మ నన్ను పిలవదు, ముందు వేపాకు మండ చేతిలో పెట్టి "పోయి దండం పెట్టుకుని రా మేయ్, తర్వాత అన్నం" అంటుంది.

అక్కడి నుంచి తిరిగొచ్చేసరికి మా మెట్టలో కోలాటం మొదలై ఉంటుంది. నాకు ఈ కాలమంతా ఒక ఎత్తు, కోలాటం ఒక ఎత్తు.

మొదట్లో మా ఊళ్లో కోలాటం మగవాళ్లదే, చెక్కభజన కూడా. వాళ్లు ఒకరొకరుగా మానేశారు, కొందరు పనులకి పోయారు, కొందరు పెద్దవాళ్లయిపోయారు. చెక్కలు గుడి అటక మీద దుమ్ము పట్టాయి. తర్వాత ఒక ఏడాది పొదిలి వైపు నుంచి ఒక గురువుగారు వచ్చి, నేర్పిస్తాను, ఆడవాళ్లు వస్తారా అని అడిగారు. ఆయనకి భోజనం ఇంటికొక రోజు వంతు, పడక రామాలయం వరండా. రాత్రి అందరం వంటలు ముగించి, గేదెలకి మేత వేసి, పిల్లల్ని పడుకోబెట్టి ఎనిమిదింటికి వెళితే పది దాటేది. కోపు అంటారు ఒక్కో అడుగు వరసని. మొదటి కోపు అందరికీ వస్తుంది, నాలుగో కోపు దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాళ్ల కర్ర మన వేళ్ల మీద పడుతుంది. పసుపు రాసుకుని మళ్లీ మర్నాడు.

అత్తా కోడళ్లు ఎదురెదురుగా నిలబడి కర్రలు కొట్టుకుంటుంటే చూడాలి. పగలంతా వంటింట్లో మాట్లాడుకోని వాళ్లు కూడా రాత్రికి "కుడికి తిరగమంటే ఎడమకి పోతావేందే" అని నవ్వుకుంటూ ఇంటికి పోయారు. పీర్ల చావిడి పక్కింటి అక్క మా అందరికంటే తాళం బాగా పట్టుకుంటుంది, ఆమె ముందు వరసలో ఉంటేనే మాకు ధైర్యం. మా వీధి చివరి అవ్వకి మోకాళ్లు నొప్పి, ఆడలేదు, మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని తప్పు చేసినవాళ్లని పేరు పెట్టి పిలుస్తుంది. గురువుగారు గమనించనివి కూడా ఆమెకి దొరుకుతాయి.

అన్నిట్లోకీ జడ కోలాటం కష్టం. పైన ఒక దూలానికి రంగురంగుల తాళ్లు కడతారు, ఒక్కొక్కరు ఒక్కో తాడు కొస ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో కర్ర ఆడిస్తూ, సగం మంది ఇటు నుంచి, సగం మంది అటు నుంచి ఒకరి లోపలగా ఒకరు దూరిపోతూ తిరగాలి. పాట సాగుతున్నకొద్దీ పైన జడ అల్లుకుంటూ కిందకి దిగుతుంది. అల్లిన తర్వాత మళ్లీ అదే ఆటని వెనక్కి ఆడాలి, అప్పుడు జడ విడిపోతుంది. ఒక్కరు ఒక్క అడుగు తప్పినా ముడి పడిపోతుంది, పాట ఆపి నిచ్చెన వేసి విప్పుకోవాలి. అందుకే ఇందులో నేను బాగా ఆడాను అనడానికి లేదు, అందరం ఆడితేనే జడ. విడిపోయిన తాళ్లు మొత్తం ఒకేసారి వదులై చేతుల్లోకి వచ్చే క్షణాన మాకు మేమే చప్పట్లు కొట్టుకుంటాం.

ఆశ్వయుజం వెన్నెల పూర్తిగా వచ్చాక వీధి లైటు ఆర్పేయమంటాం. మబ్బు లేని ఆకాశం, కాస్త మంచు, దూరంగా ఎవరిదో పొగనారు మడికి మోటారు ఆడుతున్న చప్పుడు. నన్నయ భారతం రాస్తూ ఆగిపోయింది శరత్కాలం రాత్రుల వర్ణన దగ్గరే. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత, పద్నాలుగో శతాబ్దంలో, ఆ అరణ్య పర్వాన్ని అక్కడే అందుకుని పూర్తి చేసిన ఎర్రన కందుకూరు పక్క గుడ్లూరువాడని మా వైపు చెప్పుకుంటారు. స్కూల్లో పిల్లలకి ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఈ వెన్నెల చూస్తూ పెరిగినవాడు ఆ వెన్నెల పద్యాన్ని అందుకున్నాడు, అందుకోగలిగాడు. మా పిల్లలు ఫోన్లు జేబులో పెట్టి ఒక్క రాత్రి ఆకాశం కింద కూర్చుంటే చాలని నా ఆశ.

దసరాకి మా చిన్నమ్మ వాళ్లింటికి ఒంగోలు పోతాం, కళారాల కోసం. అమ్మవారి ముఖాలు, ఉగ్రంగా, రంగులతో, పెద్ద పెద్దవి, ఎత్తుకునే మనిషికి గట్టిగా కట్టి రాత్రిపూట వీధుల్లో ఊరేగిస్తారు. కాళిక కళారం, నరసింహస్వామి కళారం, ఇంకా ఒక్కో పేటకి ఒక్కోటి. డప్పుల మధ్యలో ఆ ముఖం ఒక్కసారిగా మన వైపు తిరిగితే పిల్లలు అమ్మ కొంగులోకి దూరతారు, పెద్దవాళ్లు చేతులెత్తేస్తారు. నాకు తెలిసి ఇంకెక్కడా ఇట్టా చూడలేదు. ఒంగోలు వాళ్లకి ఇది ఎంత మామూలంటే బయటివాళ్లకి చెప్పాలని కూడా తోచదు. చెప్పాలి, చూపించాలి. మైసూర్‌పాక్ కొనుక్కుని బస్సెక్కే వాళ్లందరూ ఆ రాత్రికి ఆగాలి.

విజయదశమి రోజు మాత్రం ఊళ్లోనే. పొలిమేర జమ్మి చెట్టు దగ్గరికి సాయంత్రం అందరం పోతాం, పాలపిట్ట కనపడితే ఆ ఏడాది మంచిదని పిల్లలు కరెంటు తీగలన్నీ వెతుకుతారు. కోలాటం ప్రదర్శన ఆ రాత్రే. అట్లతద్ది మా వైపు కొన్ని ఇళ్లలోనే చేస్తారు, తెల్లవారకముందే లేచి పెరుగన్నం, గోంగూర తిని, వేప చెట్టుకి ఉయ్యాల కట్టి ఊగుతారు. ఆ చెట్టున్న ఇల్లు మాదే కాబట్టి నాకు నిద్ర ఉండదు, ఉండక్కర్లేదు కూడా.

తీరిక దొరికితే భైరవకోన కూడా చూడండి. సి.ఎస్.పురం మండలం కొండల్లో ఉంది, ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. ఈ కాలంలో నాలుగు వానలు పడ్డాయంటే నీళ్లు దూకుతుంటాయి, కార్తీక మాసం జనం ఇంకా రారు కాబట్టి నింపాదిగా చూసుకోవచ్చు. అన్నం కట్టుకుని పోండి.

స్వాతి కార్తె వస్తే ఇక ఇవన్నీ ఆగిపోతాయి. తూర్పు గాలి తిరుగుతుంది, బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పడం మొదలవుతుంది. ఆ వాన కోసమే ఏడాదంతా చూస్తాం, అదే వాన ఎక్కువైతే భయం. 2021 నవంబరులో పెన్నాకి వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగిపోయింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, నెల్లూరు నుంచి రావాల్సిన మా మరిది రెండు రోజులు దారి లేక అక్కడే ఉండిపోయాడు. మెట్టలో మాకు వరద రాదు, చెరువు నిండుతుంది, అలుగు పారితే ఊరంతా పోయి చూస్తుంది. వాన పదును చూసుకుని పొగనాట్లు, శనగ విత్తడం, అప్పుడిక ఒక్కరికి కూడా ఖాళీ ఉండదు, కోలాటం కర్రలు కట్టగట్టి అటకెక్కించేస్తాం.

ఈసారి జడ కోలాటం పదహారు తాళ్లతో కట్టాలనుకుంటున్నాం. పద్నాలుగు మందిమి కుదిరాం, ఇద్దరు తక్కువ, తాడుకొకరు లేకపోతే జడ అల్లుకోదు. మా తోడికోడలు సెలవు పెట్టుకుని వస్తానంది గానీ ఇంకా టికెట్ తీయలేదు. కావలి స్టేషన్లో దిగితే కలిగిరికి బస్సులున్నాయి, అక్కడి నుంచి ఆటో. చవితి అయిన సోమవారం నుంచి రాత్రి ఎనిమిదింటికి రామాలయం ముందు సాధన మొదలు. కర్రలు మా దగ్గర ఉన్నాయి, చీర రంగు ఇంకా తేలలేదు, వంకాయ రంగా ఆకుపచ్చా అని గొడవ నడుస్తోంది.